క్వయర్‌లో పాడటానికి నొటేషన్ ఎంతవరకు కావాలి, ఏ వరసలో నేర్చుకోవాలి?

అడిగినది: విశాఖలో మా చర్చి క్వయర్‌లో ఆల్టో పాడుతున్నాను. ఇప్పటిదాకా అంతా విని నేర్చుకున్నదే. ఈసారి క్రిస్మస్ కేరల్స్ కోసం మాస్టారు నాలుగు పార్టుల నొటేషన్ జెరాక్స్ తీయించి ఇచ్చారు. చిన్నప్పుడు గీతాల వరకు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఈ గీతలూ చుక్కలూ చూస్తే మాత్రం టెన్షన్ వస్తోంది. పియానో క్లాసులో చేరాలా? డిసెంబరులోగా అవుతుందా?

పియానో క్లాసు అక్కర్లేదు. వాయించేవాళ్లకి కావలసిన చదువు వేరు, పాడేవాళ్లకి కావలసినది వేరు. వాయించేవాళ్లకి ప్రతి చుక్కా కీబోర్డ్ మీద ఏ మెట్టో చూసీ చూడగానే తెలియాలి, లేకపోతే వేలు ఎక్కడ పడాలో తెలియదు. మన గొంతులో మెట్లు లేవు. ఇప్పుడు పాడుతున్న స్వరం నుంచి తర్వాతి స్వరం ఎంత దూరంలో ఉంది, దాన్ని ఎంతసేపు నిలపాలి అన్నవి తెలిస్తే పాట నడుస్తుంది. దొరికే పుస్తకాలూ యూట్యూబ్ పాఠాలూ ఎక్కువ భాగం కీబోర్డ్ వాళ్లని దృష్టిలో పెట్టుకున్నవే. అందుకే మొదటి పేజీలోనే ఐదు గీతలకీ ‘ఇ, జి, బి, డి, ఎఫ్’ అని పేర్లు బట్టీ పట్టిస్తాయి. చాలామంది అక్కడే కాగితం మడిచేస్తారు. మీరు ఆ వరసని తిరగేయండి. ముందు లయ, తర్వాత ‘స’ ఎక్కడుందో పట్టుకోవడం, అక్షరాల పేర్లు అన్నిటికన్నా ఆఖర్న.

అసలు కాగితంలో మీ లైన్ ఏదో ముందు గుర్తుపట్టాలి. కేరల్ పుస్తకాల్లో మామూలుగా రెండు వరసలు ఉంటాయి, ఒక్కో వరసలో ఐదు గీతలు. పై వరస మొదట్లో మెలికలు తిరిగిన గుర్తు ట్రెబుల్ క్లెఫ్. కింది వరసలో రెండు చుక్కల గుర్తు బేస్ క్లెఫ్. పై వరస ఆడవాళ్లది, కింది వరస మగవాళ్లది. ఒక్కో వరసలో రెండేసి పార్టులు కలిసి ఉంటాయి. వాటిని విడదీసేది చుక్కకి తగిలించిన కాడ. పై వరసలో కాడ పైకి ఉంటే సొప్రానో, కిందికి ఉంటే ఆల్టో. కింది వరసలో పైకి టెనర్, కిందికి బేస్. ఒకే చుక్కకి పైకీ కిందికీ రెండు కాడలు కనిపిస్తే ఆ చోట ఇద్దరిదీ ఒకే స్వరం. అంటే మీ కంటికి ఇక కిందికి వేలాడే కాడలు తప్ప పై వరసలో ఇంకేమీ అక్కర్లేదు. లేతరంగు హైలైటర్‌తో ఆ చుక్కల మీదుగా ఒక గీత లాగండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. కొన్ని కాగితాల్లో నాలుగు పార్టులకీ నాలుగు వరసలు విడివిడిగా ఉంటాయి, అప్పుడు ఈ కాడల గొడవ లేదు, పైనుంచి రెండోది మీది.

ఇక లయ. గీతాలు నేర్చుకున్నారు కాబట్టి మీకు ఇది కొత్తది కాదు, రాసే తీరు మాత్రమే కొత్త. మన పుస్తకంలో ‘స’ అంటే ఒక అక్షరకాలం, ‘సా’ అంటే రెండు, కామా ఒకటి, సెమికోలన్ రెండు. ఇక్కడ ఆ లెక్క చుక్క ఆకారంలో ఉంటుంది. 4/4 లేదా 3/4 అని మొదట్లో రాసిన పాటల్లో, లోపల నిండి కాడ ఉన్న చుక్క ఒక లెక్క. కాడ ఉండి లోపల ఖాళీగా ఉంటే రెండు. కాడ కూడా లేకుండా ఖాళీగా ఉంటే నాలుగు. నిండిన చుక్క కాడకి చిన్న తోక ఉంటే అర లెక్క, రెండు తోకలుంటే పావు. తోకలున్న చుక్కలు పక్కపక్కన వస్తే వాటిని ఒక అడ్డగీతతో కలిపేస్తారు. మన పుస్తకాల్లో స్వరాల పైన అడ్డగీత గీస్తే రెండో కాలం అని గుర్తుంది కదా, ఈ అడ్డగీతదీ అదే పని. రెండు గీతలుంటే మూడో కాలం.

పేర్ల విషయంలో ఒక చిక్కు ఉంది, ముందే చెప్తాను. మన ఊళ్లో పాతతరం క్వయర్ మాస్టర్లు, ట్రినిటీ సంగీత పరీక్షలు రాసిన పిల్లలు బ్రిటిష్ పేర్లు వాడతారు: సెమిబ్రీవ్, మినిమ్, క్రోచెట్, క్వేవర్. యూట్యూబ్‌లో వినేవి ఎక్కువగా అమెరికా పేర్లు: హోల్ నోట్, హాఫ్ నోట్, క్వార్టర్ నోట్, ఎయిత్ నోట్. వస్తువు అదే. మీ మాస్టారు ఏ పేరు వాడితే అదే పట్టుకోండి, రెండూ కలిపి నేర్చుకుంటే ప్రాక్టీసులో తికమక పడతారు.

చుక్క పక్కన కుడివైపు ఇంకో చిన్న చుక్క పెడితే దాని విలువలో సగం అదనంగా కలుస్తుంది. రెండు లెక్కల మినిమ్ పక్కన చుక్క పడితే మూడు, ఒక లెక్క క్రోచెట్ పక్కన పడితే ఒకటిన్నర. క్వయర్లలో ఎక్కువగా తడబడేది ఈ ఒకటిన్నర దగ్గరే. దాని వెనక వచ్చే అర లెక్కని అందరూ తొందరపడి ముందే అనేస్తారు. తొడ మీద తాళం వేస్తూ, ప్రతి దెబ్బకీ మధ్యలో ‘అండ్’ అనుకుంటూ పాడితే ఆ అర ఎక్కడ పడాలో తేలుతుంది. మౌనానికీ గుర్తులున్నాయి. వాటిలో రెండు ఒకేలా ఉండి మోసం చేస్తాయి: పైనుంచి రెండో గీతకి కింద వేలాడే నల్ల దిమ్మె నాలుగు లెక్కల మౌనం, మధ్య గీత మీద కూర్చున్న దిమ్మె రెండు లెక్కలది.

మొదటి వారం రాగం జోలికి పోకండి. కాగితం ముందు పెట్టుకుని, తాళం వేస్తూ, మాటల్ని ఒకే శ్రుతిలో, చెప్పినట్టుగా చదవండి. నిలువుగీతకీ నిలువుగీతకీ మధ్య ఉన్నది ఒక బార్. పైన అంకె 4 ఉంటే బార్‌కి నాలుగు లెక్కలు, 3 ఉంటే మూడు. దాన్ని ఆవర్తనం అనుకోకండి, అది చాలా చిన్నది, ఆది తాళం ఒక్క ఆవర్తనంలో 4/4 బార్లు రెండు పడతాయి. ప్రతి బార్‌లో మొదటి లెక్కకి కొంచెం బరువు ఉంటుంది. కొన్ని పాటలు ఆ బరువు లెక్క మీద కాకుండా దానికి ముందే ఎత్తుకుంటాయి, మన అతీత ఎడుపు ఉన్నట్టే. అప్పుడు మొదటి బార్‌లో లెక్కలు తక్కువగా కనిపిస్తాయి. అచ్చుతప్పు కాదు.

ఇప్పుడు ‘స’ సంగతి. నా అభిప్రాయంలో మీకు అసలు లాభం ఇక్కడే ఉంది. 11వ శతాబ్దంలో ఇటలీకి చెందిన గీడో అనే సన్యాసి, చర్చి గాయకులు కొత్త పాటని త్వరగా పట్టుకోవడానికి ఒక లాటిన్ కీర్తన పాదాల మొదటి అక్షరాలు తీసి ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని పాడించాడు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయిని, ఆమె పద్ధతిని పెంచిన జాన్ కర్వెన్ అనే పాస్టర్ కలిపి దాన్ని మామూలు జనం పాడుకునే టానిక్ సోల్ఫాగా మార్చారు. అందులో ‘డో’ (పాత ‘ఉత్’) ఏ శ్రుతిలోనైనా ఉండొచ్చు, పాటని బట్టి కదులుతుంది. మన ‘స’ చేసేది సరిగ్గా అదే. కాబట్టి వాళ్లు డో రే మి అన్నచోట మీరు నిర్భయంగా స రి గ అనుకోండి. మేజర్ స్కేల్ స్వరాలన్నీ శంకరాభరణం స్వరాలే.

కాగితంలో ‘స’ని పట్టుకోవడానికి క్లెఫ్ పక్కన ఉన్న షార్పులూ (♯, స్వరాన్ని కాస్త పెంచే గుర్తు) ఫ్లాట్లూ (♭, కాస్త తగ్గించే గుర్తు) చూడాలి. షార్పులుంటే, అన్నిటికన్నా కుడివైపున ఉన్న షార్పు ఉన్నచోటు ‘ని’. దాని పక్క మెట్టు పైన ‘స’. ఫ్లాట్లుంటే, ఆఖరి ఫ్లాటు ఉన్నచోటు ‘మ’, దానికి ముందున్న ఫ్లాటు ఉన్నచోటు ‘స’. ఒక్కటే ఫ్లాటు ఉంటే దాన్నే ‘మ’ అనుకుని మూడు మెట్లు దిగితే ‘స’ వస్తుంది. ఏవీ లేకపోతే సి స్వరమే ‘స’, ట్రెబుల్ వరసలో అది కింద చిన్న అదనపు గీత మీద ఉంటుంది. మెట్టు అంటే గీత నుంచి పక్క సందుకి, సందు నుంచి పక్క గీతకి. ‘స’ గీత మీద పడితే దానిపై ‘గ, ప, ని’ వరసగా పై గీతల మీదే పడతాయి, ‘రి, మ, ద’ సందుల్లో ఉంటాయి. ‘స’ సందులో పడితే ఇదంతా తిరగబడుతుంది. ఈ ఒక్క సంగతి కంటికి అలవాటైతే గీతల పేర్లు రాకపోయినా పాడేయొచ్చు.

పాట ఏడుపు ధ్వనిలో ఉంటే, అంటే మైనర్ అయితే, అదే లెక్కతో ‘స’ని పట్టుకుని పాట ‘ద’ మీద ఆగుతుందని చూసుకోండి. ఆ ‘ద’ని కొత్త షడ్జం అనుకుంటే నటభైరవి స్వరాలు వస్తాయి. కేరల్స్‌లో ఇవి తక్కువే, ఇప్పటికి వదిలేయండి.

ఒక పాట మీద చేసి చూపిస్తాను. ‘సైలెంట్ నైట్’ అందరికీ నోటికి వచ్చిందే. ఫ్రాంజ్ గ్రూబర్ 1818లో ఆస్ట్రియాలో స్వరపరిచింది. పుస్తకాల్లో తరచుగా రెండు ఫ్లాట్లతో, 6/8లో కనిపిస్తుంది. మొదటి ఫ్లాటు నట్టనడి గీత మీద ఉంటుంది. రెండోది ఆఖరిది కాబట్టి అది ‘మ’, మొదటిది ‘స’. అంటే నడి గీత మీద ఉన్నది పై షడ్జం. అక్కణ్ణుంచి దిగండి: కింది సందు ‘ని’, రెండో గీత ‘ద’, మొదటి సందు ‘ప’, అట్టడుగు గీత ‘మ’, దాని కిందే ఆనుకుని ఉన్నది ‘గ’. సొప్రానో మొదటి చుక్క అట్టడుగు సందులో, అంటే ‘ప’. తర్వాత ఒక మెట్టు ఎక్కి ‘ద’, దిగి ‘ప’, అక్కడి నుంచి రెండు మెట్లు దిగి ‘గ’. ప ద ప గా. పాడి చూడండి, పాట అదే.

ఆ మొదటి మాటలో ‘సై’ అనే ఒక్క అక్షరానికి రెండు చుక్కలున్నాయి, ‘ప ద’. వాటిని కలుపుతూ ఒక వంపు గీత ఉంటుంది, అది స్లర్. ఒక అక్షరాన్ని ఆ రెండు స్వరాల మీదా సాగదీయమని. ఇలాంటి వంపు గీతే ఒకే ఎత్తులో ఉన్న రెండు చుక్కలని కలిపితే అది టై, రెండోసారి పలక్కుండా రెండు లెక్కలూ కలిపి నిలపాలి. 6/8లో కింద ఉన్న 8 వల్ల తోక చుక్కే ఒక లెక్క అవుతుంది, బార్‌కి ఆరు. మొదటి ‘ప’ ఒకటిన్నర, ‘ద’ అర, రెండో ‘ప’ ఒకటి, ‘గ’ మూడు. మొత్తం ఆరు. నిదానంగా ఆరు లెక్కపెట్టి నేర్చుకుని, తర్వాత మూడేసి కలిపి రెండు ఊపులుగా పాడితే తిశ్ర నడక వస్తుంది, పాటకి ఆ జోల ఊపు దాన్నుంచే.

ఇప్పుడు మీ కాడలు చూడండి. చాలా పుస్తకాల్లో ఆల్టో ఇక్కడ ‘గ మ గ సా’. చుక్క మొదట అట్టడుగు గీత కింద ఆనుకుని, తర్వాత ఆ గీత మీద, మళ్లీ కింద, ఆపైన చిన్న అదనపు గీతకీ కింద. సొప్రానో ఎక్కిన చోట మీరూ ఎక్కుతున్నారు, దిగిన చోట దిగుతున్నారు, రెండు మెట్లు తక్కువలో. మీ పుస్తకంలో వేరేగా ఉంటే పుస్తకమే సరి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

అక్షరాల పేర్లు ఆఖర్న పెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. మన దగ్గర కీబోర్డ్ వాయించేవాళ్లు గొంతులకి అనువుగా ఉంటుందని మొత్తం శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తారు. కాగితంలో బి ఫ్లాట్ అని ఉంటుంది, స్పీకర్‌లో జి వినిపిస్తుంది. పేర్లు పట్టుకుని పాడేవాళ్లు అక్కడ గందరగోళపడతారు. ‘స’ పట్టుకున్నవాళ్లకి ఏమీ కాదు.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఒక జాగ్రత్త. మీ గొంతుకి ‘గ’ మీదా ‘మ’ మీదా తెలియకుండానే గమకం వచ్చేస్తుంది. ఒంటరిగా పాడితే అందమే. నాలుగు పార్టుల్లో మాత్రం ఒక్క ఆల్టో ఊగితే కింద టెనర్‌తో కుదరాల్సిన శ్రుతి చెదిరిపోతుంది. చుక్క ఎక్కడుందో అక్కడే తిన్నగా నిలపండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెస్‌గ్రాంజెస్ విశాఖలో దిగినప్పటి నుంచి ఈ తీరంలో తెలుగు క్రైస్తవం పెరుగుతూ వచ్చింది. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు 19వ శతాబ్దంలోనే మన రాగాల్లో కీర్తనలు కట్టారు. ఆ కీర్తనలు పాడేటప్పుడు మీ గమకాలన్నీ బయటికి తీయండి, వాటికి నాలుగు పార్టులు అతికించడం నాకైతే నచ్చదు. కేరల్స్ దగ్గర మాత్రం గొంతు తిన్నగా ఉండాలి.

మిగతా గుర్తులు త్వరగా చెప్పేస్తాను. పాట మధ్యలో చుక్క ముందు కొత్తగా షార్పు, ఫ్లాటు లేదా నేచురల్ (♮, ఆ రెండిటినీ రద్దు చేసే గుర్తు) వస్తే అది ఆ బార్ అయ్యేదాకా, ఆ స్వరానికి మాత్రమే పనిచేస్తుంది. ఆల్టోకి తరచు తగిలేది ‘మ’ ముందు షార్పు గానీ నేచురల్ గానీ, అంటే శుద్ధ మధ్యమం కాస్తా ప్రతి మధ్యమం అవుతుంది. పెన్సిల్‌తో సున్నా చుట్టుకోండి. ‘పి’ మెల్లగా, ‘ఎఫ్’ గట్టిగా, ‘ఎమ్’ కలిస్తే మధ్యస్తంగా. తెరుచుకుంటూ పోయే గుర్తు శబ్దం పెంచమని, మూసుకుపోయేది తగ్గించమని. సగం వలయంలో చుక్క ఫెర్మాటా, అక్కడ లెక్క మానేసి మాస్టారి చెయ్యి చూడాలి. జంట నిలువుగీతల పక్కన రెండు చుక్కలు మళ్లీ పాడమని. ‘డి.సి.’ అంటే మొదటికి వెళ్లమని, ‘డి.ఎస్.’ అంటే ఎస్ లాంటి గుర్తు దగ్గరికి, ‘ఫీనె’ అన్నచోట ముగింపు. ఈ దారి మలుపులు మొదటి ప్రాక్టీసులోనే బాణాలు గీసి పెట్టుకోకపోతే సర్వీసు రోజున ఒకరు ఒక పేజీలో, ఇంకొకరు ఇంకో పేజీలో ఉంటారు.

తెలుగు మాటలు వేసిన కేరల్ అయితే మౌనం గుర్తులు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ‘జననం’, ‘ఆనందం’ లాంటి మాట పొడుగు స్వరం మీద ఆగిందనుకోండి. అందరూ ‘మ్’ అని ఎవరికి తోచినప్పుడు వాళ్లు పెదవులు మూసేస్తే, స్వరం నాలుగు లెక్కలుండాల్సింది రెండు లెక్కలకే ముక్కులోకి పోతుంది. అచ్చుని చివరిదాకా తెరిచి పట్టి, మౌనం గుర్తు మొదలయ్యే లెక్క మీద అందరూ ఒకేసారి మూయాలి. ఆ లెక్క అంకె చుట్టూ మా క్వయర్‌లో గీత గీయిస్తాను. అలాగే దీర్ఘాక్షరం తోక చుక్క మీద పడితే అనువాదకుడు సరిగ్గా కూర్చలేదని అర్థం, అక్కడ మాస్టారిని అడిగి మాట సర్దుకోవడమే, మనం లయ మార్చకూడదు.

ఇక ఆల్టోకి ఉండే అసలు బాధ: పక్కన సొప్రానో మెలొడీ పాడుతుంటే గొంతు అటే జారిపోవడం. మీ పార్టు చాలాచోట్ల ఒకే స్వరం మీద నాలుగైదు చుక్కలు నడుస్తుంది. తేలికలా కనిపిస్తుంది గానీ జారిపోయేది అక్కడే. మొదట మీ లైన్‌ని సరిగమల్లో కంఠతా వచ్చేదాకా పాడండి. తర్వాత ఎవరిచేతనైనా కీబోర్డ్ మీద సొప్రానో వాయించి ఫోన్‌లో రికార్డ్ చేయించుకుని, అది వింటూ మీది పాడండి. మీ పార్టే వాయించి దానితో పాటు పాడటం వల్ల పెద్దగా లాభం లేదు, సర్వీసులో అది వినిపించదు కదా. మౌనం తర్వాత మళ్లీ ఎత్తుకోవాల్సిన చోట మీ స్వరం అప్పుడే ఎవరి నోట ఉందో వెతకండి. తరచు ముందు బార్‌లో బేస్ గానీ సొప్రానో గానీ అదే స్వరం మీద ఆగి ఉంటారు. అక్కణ్ణుంచి మీ చుక్కకి పెన్సిల్ గీత లాక్కోండి.

చుక్కల కింద స రి గ మ లు రాసుకోవచ్చా అని తర్వాత ఎలాగూ అడుగుతారు. బార్‌కి ఒక్కటి, మొదటి లెక్క కింద మాత్రం రాయండి. అన్నీ రాస్తే కన్ను అక్షరాలే చదువుతుంది, చుక్కల వైపు చూడదు.

డిసెంబరు సంగతికొస్తే, రోజూ పావుగంట కూర్చుంటే మీ కేరల్స్ వరకు కచ్చితంగా అవుతుంది. కొత్త కాగితం ఇచ్చిన వెంటనే పాడేయడం అంత త్వరగా రాదు, దానికి సమయం పడుతుంది. ముందుగా మీ జెరాక్స్‌లో పాట పేరు, క్లెఫ్ పక్కన ఎన్ని షార్పులు లేదా ఫ్లాట్లు ఉన్నాయో, వాటి పక్కన ఏ అంకెలున్నాయో రాయండి. ‘స’ ఎక్కడ పెట్టుకోవాలో, ఆల్టో ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్తాను.